మొదట క్యాసెట్, పదిహేడేళ్ళకు ఆల్బమ్: నిర్వాణ, రెడింగ్ 1992

'నిర్వాణ - రెడింగ్ 92' అని బాల్‌పెన్నుతో రాసిన క్యాసెట్లు తొంభైల్లో చాలా దేశాలు తిరిగాయి. నిర్వాణ అమెరికా రాక్ బృందం, రెడింగ్ వాళ్ళు 1992లో కచేరీ చేసిన ఇంగ్లండ్ ఊరు. ఎవరి దగ్గర దొరికిన కాపీ అయినా రెండు విషయాల్లో మాత్రం ఒకటే. ఎ వైపు చివర ఏదో ఒక పాట మధ్యలో తెగిపోయేది. బి వైపు చివర ఆఖరి పాట పూర్తికాకుండానే టేపు అయిపోయి బటన్ టక్కున పైకి లేచేది. కచేరీ గంటన్నర దాటింది, సి-90 క్యాసెట్లో ఒక్కో వైపు 45 నిమిషాలే పడుతుంది. కంపెనీలు దయతలచి ఒకటి రెండు నిమిషాల టేపు ఎక్కువ చుట్టినా సరిపోయేది కాదు. వాళ్ళ పాటల్లో అన్నిటికంటే పేరున్న 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' సరిగ్గా ఆ 45వ నిమిషం దగ్గర్లో వస్తుంది. అందుకే ఆ పాట మొదలవుతూనే తెగిపోయే కాపీలు అన్ని ఉండేవి.

సి-120 వాడొచ్చు కదా అనేవాళ్ళు అప్పుడూ ఉండేవారు. సి-90లో టేపు మందం సుమారు 12 మైక్రాన్లు, సి-120లో 9 మైక్రాన్లు. ఆ పల్చటి టేపు, దాన్ని ముందుకు లాగే రబ్బరు చక్రానికి (పించ్ రోలర్) చుట్టుకుని నలిగేది, సాగేది, వెనకపొర మీది శబ్దం ముందుపొరకి అంటుకుని పాటకంటే ముందే పాట నీడలా వినిపించేది. తెలిసినవాళ్ళు ఒక సి-90, ఒక సి-60 వాడి, చివర్లో మళ్ళీ వేదికెక్కి వాయించే పాటలు (ఎన్‌కోర్) మొత్తం రెండో క్యాసెట్లో పెట్టేవారు. అలాంటి జంట కాపీ చేతికందిందంటే, దాన్ని ఎక్కించినవాడికి పని తెలుసని అర్థం.

ఇంతకీ ఆ టేపుల్లో ఉన్న రాత్రి 1992 ఆగస్టు 30, ఆదివారం. లండన్‌కి పడమటి పక్కనున్న రెడింగ్ పట్టణంలో ఏటా జరిగే ఉత్సవంలో ఆఖరి రోజు, ఆఖరి బృందం నిర్వాణ. ఆ ఏడు వాన, బురద. అంతకుముందు ఏడాది ఇదే ఉత్సవంలో వాళ్ళు పగటిపూట, పెద్ద పేర్లకంటే ముందు వాయించి వెళ్ళారు. మధ్యలో 1991 సెప్టెంబరులో వాళ్ళ ఆల్బమ్ 'నెవర్‌మైండ్' వచ్చింది, లెక్కలు మారిపోయాయి. పాటగాడు, గిటారిస్టు కర్ట్ కొబేన్ ఆరోగ్యం గురించి పత్రికల్లో రోజుకొక వదంతి. బృందం రాదనీ, విడిపోయిందనీ పుకార్లు. దానికి జవాబుగా కర్ట్ తెల్లటి ఆసుపత్రి గౌను, బంగారు రంగు విగ్గు వేసుకుని చక్రాల కుర్చీలో వేదిక మీదకు వచ్చాడు. కుర్చీ తోసినవాడు సంగీత విలేకరి ఎవరెట్ ట్రూ. మైకు పట్టుకుని లేచి, ఒక పాత పాటలో ఒక్క ముక్క పాడి, వెల్లకిలా పడిపోయాడు. మరుక్షణం లేచి గిటార్ తగిలించుకుని 'బ్రీడ్' పాట అందుకున్నాడు.

ఆ రోజుకి ముందు సాధన దాదాపు లేదనీ, ఉన్నదీ బాగా సాగలేదనీ, కచేరీ ఘోరంగా పోతుందనే అనుకున్నామనీ డ్రమ్మర్ డేవ్ గ్రోల్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. వినేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే మంచిది. మొదటి మూడు పాటల్లో డ్రమ్స్ ఎందుకంత ముందుకు తోసుకొస్తున్నాయో అర్థమవుతుంది. ముగ్గురిలో ఎవరు తడబడినా మిగతా ఇద్దరినీ లాక్కుపోతానన్నట్టు వాయిస్తాడు గ్రోల్. బ్రిటన్‌లో ఆ బృందానికి అదే ఆఖరి కచేరీ అవుతుందని మాత్రం ఆ పొలంలో ఎవరికీ తెలియదు.

క్యాసెట్ల దగ్గరికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే 2009 దాకా చాలామందికి ఈ కచేరీ అంటే ఆ క్యాసెట్టే. మన దగ్గర స్టార్ టీవీ 1991లో వచ్చింది, దానితోపాటే ఎంటీవీ. కేబుల్ వైరు ఉన్న ఇళ్ళలో, కాలేజీ హాస్టళ్ళ టీవీ గదుల్లో నిర్వాణ పేరు అలా చేరింది. ఊళ్ళల్లో రికార్డింగ్ సెంటర్లు ఉండేవి కదా, పాటల లిస్టు రాసిస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవారు. సినిమా పాటల కోసం పుట్టిన ఆ అలవాటే రాక్ సంగీతానికీ పనికొచ్చింది: ఒకరి దగ్గర ఒరిజినల్, నలుగురి దగ్గర కాపీ, ఆ నలుగురి నుంచి పదహారు.

ఇబ్బంది అక్కడే. టేపుకి తన సొంత 'హిస్', అంటే బుసలాంటి సన్నటి రొద, ఉంటుంది. దాన్ని కాపీ చేస్తే పాత హిస్‌కి కొత్త హిస్ తోడవుతుంది. రెండో తరం కాపీలో రొద సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, నాలుగో తరానికి 6. ఆ మాత్రం హిస్ నిర్వాణ గిటార్ ముందు ఎంత అనిపిస్తుంది కానీ, 'పాలీ' లాంటి నెమ్మది పాటలోనూ, రెండు పాటల మధ్య మాటల్లోనూ బయటపడిపోతుంది. హిస్ కంటే పెద్ద నష్టం పై స్వరాలది. ప్లేయర్లో హెడ్ సన్నటి చీలిక టేపు ప్రయాణించే దిశకి సరిగ్గా నిటారుగా ఉండాలి. దీన్నే అజిమత్ అంటారు. రికార్డు చేసిన డెక్‌లో ఒకలా, మళ్ళీ ప్లే చేసే డెక్‌లో మరోలా వాలి ఉంటే ముందు పోయేవి సింబల్స్, అంటే డ్రమ్స్‌లోని లోహపు పళ్ళేల మోత. నాలుగు డెక్కులు మారేసరికి గ్రోల్ సింబల్స్ అన్నీ ఒకే 'ష్' అయిపోయేవి.

దానికి తోడు రెండు పాపాలు అందరూ చేసేవారు. ఒకటి, డబుల్ డెక్‌లో హైస్పీడ్ డబ్బింగ్. సగం టైములో అయిపోతుంది, నిజమే. కానీ రెట్టింపు వేగంలో 10 కిలోహెర్ట్జ్ శబ్దం 20 అయి కూర్చుంటుంది, చవక డెక్ దాన్ని పట్టుకోలేదు. రెండోది, హిస్ తగ్గించడానికి పెట్టిన డాల్బీ బటన్. డాల్బీ-బి వేసి రికార్డు చేసిన టేపుని అది ఆపి వింటే కీచుగా, హిస్‌గా ఉంటుంది. మామూలుగా రికార్డు చేసిన దాన్ని డాల్బీ వేసి వింటే దుప్పటి కప్పినట్టు ఉంటుంది. చాలామంది ఈ రెండోదాన్ని 'బాస్ బాగుంది' అనుకునేవారు! ఏది వేసి ఎక్కించారో అట్ట మీద ఎవరూ రాయకపోవడమే అసలు తప్పు.

వేగం సంగతి ఇంకా చిత్రం. బ్యాటరీతో నడిచే ప్లేయర్లో రికార్డు చేసినా, బెల్టు సాగిన డెక్‌లో కాపీ చేసినా సాధారణంగా రెండు మూడు శాతం తేడా వస్తుంది. 6 శాతానికి అర స్వరం మారిపోతుంది. అలాంటి టేపుతో కలిసి గిటార్ వాయించాలని చూసిన కుర్రాళ్ళు తమ గిటారే శ్రుతి తప్పిందనుకుని తీగలు బిగించి తెంపుకునేవారు.

రెండు రకాల టేపుల తేడా కూడా చెప్పుకోవాలి. 'ఆడియన్స్ టేపు' అంటే జనంలో నిలబడ్డవాడు జేబులో రికార్డర్ పెట్టుకుని పట్టినది. 'సౌండ్‌బోర్డు' అంటే మిక్సర్ నుంచి నేరుగా తీసినది. సౌండ్‌బోర్డు అంటే గొప్ప, ఆడియన్స్ అంటే చవక అన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది కానీ అది సగమే నిజం. చిన్న హాల్లో గిటార్ ఆంప్ (ఆంప్లిఫైయర్) వేదిక మీదే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది కాబట్టి మిక్సర్‌లో దాన్ని పెంచాల్సిన పని ఉండదు. గొంతుని, కాలితో కొట్టే కిక్ డ్రమ్‌ని మాత్రం పెంచుతారు. ఫలితంగా టేపులో గొంతు కొండంత, గిటార్ గోరంత. రెడింగ్ లాంటి బయలు మైదానంలో అన్నీ స్పీకర్ల గుండానే రావాలి కాబట్టి మిక్సర్ టేపులో పొందిక ఉంటుంది, కానీ జనం ఉండరు. 'లిథియం'లో వేలమంది గొంతు కలిపి పాడతారు. జనం మైకులు లేని టేపులో ఆ పాట ఎవరూ రాని కచేరీలా ఉంటుంది. ఆ ఒక్క పాటకి మంచి ఆడియన్స్ టేపే మేలు.

వీడియో గురించి ఒక్క మాట. బ్రిటన్ వీహెచ్‌ఎస్‌లు పాల్ అనే రంగుల టీవీ పద్ధతిలో, 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. మన దూరదర్శన్ కాలపు టీవీలూ పాలే. అందుకే అక్కడినుంచి వచ్చిన క్యాసెట్లు మన వీసీఆర్లలో హాయిగా ఆడేవి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన, అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో ఉన్న క్యాసెట్లు మాత్రం పాత వీసీఆర్లలో నలుపు తెలుపు గీతలుగా దొర్లేవి. మల్టీసిస్టమ్ వీసీఆర్ ఉన్న ఇంటి కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. రెడింగ్ బొమ్మ మొదట పాల్‌లో తీసి, అమెరికాలో ఎన్‌టీఎస్‌సీకి మార్చి, మళ్ళీ పాల్‌కి మార్చిన కాపీలూ ఉండేవి. వాటిలో బాస్ గిటార్ వాయించే నొవొసెలిచ్ గెంతిన ప్రతిసారీ బొమ్మ కుదుపుగా, రెండు నీడలతో కనిపిస్తుంది.

ఆ తర్వాత వచ్చిన ఎంపీ3 కాలం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 128 కేబీపీఎస్ ఫైళ్ళలో 16 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు, సింబల్స్ నీళ్ళలో ముంచి తీసినట్టు సుళ్ళు తిరుగుతాయి. వాటిని సీడీకి రాసి, ఆ సీడీ నుంచి మళ్ళీ ఎంపీ3 చేసి పంచుకున్నారు. క్యాసెట్ తరాల జబ్బే మరో రూపంలో వచ్చింది, అంతే.

అధికారికంగా ఈ కచేరీ నుంచి అంతకుముందు బయటికొచ్చింది చాలా తక్కువ. 1996లో నొవొసెలిచ్ కూర్చిన 'ఫ్రమ్ ది మడ్డీ బ్యాంక్స్ ఆఫ్ ది విష్కా' అనే లైవ్ సంకలనంలో 'టురెట్స్' పాట రెడింగ్‌దే. అది విన్నవాళ్ళకి మిగతా కచేరీ కూడా ఎక్కడో బాగానే భద్రంగా ఉందని తెలిసిపోయింది. ఆ ఒక్క పాటలో ఉన్న స్పష్టతతో పోల్చి క్యాసెట్ వింటే ఆశ ఇంకా పెరిగేది. 2009 నవంబరులో 'లైవ్ ఎట్ రెడింగ్' సీడీగా, డీవీడీగా, రెండు ఎల్పీలుగా వచ్చింది.

ఇలాంటి ఆర్కైవ్ ఆల్బమ్ ఎలా తయారవుతుందో తెలిస్తే వినడం మారుతుంది. అప్పటి పెద్ద ఉత్సవాల పద్ధతి ఇది. వేదిక మీద ప్రతి మైకు తీగా ఒక స్ప్లిటర్ పెట్టెలోకి వెళ్ళి మూడుగా చీలుతుంది: ఒకటి జనం వైపు మిక్సర్‌కి, ఒకటి వాయించేవాళ్ళ మానిటర్లకి, మూడోది వేదిక వెనక నిలిపిన రికార్డింగ్ వ్యానుకి. రెండంగుళాల వెడల్పు టేపు మీద 24 ట్రాకులు, అంటే విడివిడిగా శబ్దం పట్టే 24 చారలు. 2,500 అడుగుల రీలు సెకనుకి 30 అంగుళాల వేగంతో పదహారు నిమిషాలు నడుస్తుంది, 15 అంగుళాలైతే ముప్ఫై మూడు. కాబట్టి రెండు యంత్రాలు కావాలి. ఒక రీలు అయిపోయేముందే రెండోది తిరగడం మొదలవ్వాలి. ఆ ఇద్దరు ఆపరేటర్లలో ఒకరు నిమిషం ఆలస్యం చేస్తే ఒక పాట శాశ్వతంగా పోయినట్టే. లైవ్ ఆల్బమ్‌లలో ఎక్కడినుంచో తెచ్చి అతికించిన పాటల వెనక తరచూ ఉండే కారణం ఇదే.

డ్రమ్స్‌కే ఎనిమిది దాకా ట్రాకులు పోతాయి: కిక్, గట్టి దెబ్బ పడే స్నేర్ డ్రమ్, టామ్ డ్రమ్ములు, హైహ్యాట్ పళ్ళేలు, పైన రెండు ఓవర్‌హెడ్ మైకులు. బాస్‌కి ఆంప్ ముందు మైకు ఒకటి, నేరుగా తీసిన లైను ఒకటి. గిటార్‌కి ఒకటో రెండో. గొంతులకి రెండు మూడు. జనానికి కనీసం రెండు. గ్రోల్ కొట్టే స్నేర్ ప్రతి గొంతు మైకులోకీ దూరుతుంది. దీన్ని లీకేజ్ అంటారు. తర్వాత మిక్స్ చేసేవాడు కర్ట్ గొంతు పెంచితే దానితోపాటు సింబల్స్ కూడా పెరుగుతాయి. అందుకే నిర్వాణ లైవ్ రికార్డుల్లో గొంతు ఒక హద్దు దాటి ముందుకి రాదు. అది మిక్స్ లోపం కాదు, ముగ్గురు మనుషులు ఒకే వేదిక మీద అంత శబ్దం చేస్తే అంతే.

జనం మైకులది ఇంకో తంటా. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. వేదికకి 50 మీటర్ల దూరంలో పెట్టిన మైకుకి స్నేర్ దెబ్బ దాదాపు 150 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. దాన్ని అలాగే కలిపితే ప్రతి దెబ్బా రెండుసార్లు వినబడుతుంది. ఇప్పుడైతే కంప్యూటర్లో ఆ ట్రాకుని ఆ ఆలస్యం మేరకు ముందే మొదలయ్యేలా జరిపి సరిచేస్తారు. మరీ ఎక్కువ జరిపితే జనం పాడేది పాటకంటే ముందుంటుంది! పాట నడిచేటప్పుడు ఆ మైకుల్ని తగ్గించి, పాట అయ్యాక పెంచడం మామూలు పద్ధతి. హెడ్‌ఫోన్లలో 'లిథియం' వింటూ గమనించండి, జనం ఎక్కడ ఉబికి వస్తారో, ఎక్కడ వెనక్కి తగ్గుతారో.

డెబ్భైల నడిమి నుంచి తొంభైల మొదటిదాకా తయారైన కొన్ని స్టూడియో టేపులకి, ముఖ్యంగా ఆంపెక్స్ 456 లాంటి వాటికి, ఒక జబ్బు ఉంది. అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చుకుని బంకలా మారుతుంది. యంత్రంలో పెడితే కీచుమని ఆగుతుంది, పొడి రాలి హెడ్‌కి అంటుకుంటుంది, పొడితోపాటు సంగీతమూ రాలిపోతుంది. దానికి మందు వేడి. సుమారు 54 డిగ్రీల సెల్సియస్ నిలకడైన వేడిలో గంటల తరబడి ఉంచుతారు. రెండంగుళాల రీలుకి ఇంకా ఎక్కువసేపు. తర్వాత కొన్ని వారాలపాటు టేపు బాగా ఆడుతుంది, ఆలోపు డిజిటల్‌కి ఎక్కించుకోవాలి. వంటింటి ఓవెన్‌తో ఈ పని చేయకూడదు, అందులో వేడి ఎగుడుదిగుడుగా ఉంటుంది. 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్‌లో మంటలకి ఒక టేపుల గిడ్డంగి కాలిపోయింది. ఆర్కైవ్ అన్నాక టేపు ఒక్కచోటే ఉంచకూడదని చెప్పడానికి ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

ఈ ఆల్బమ్‌కున్న పెద్ద బలం, దిద్దుబాటుకి వీల్లేకపోవడం. చాలా పేరున్న లైవ్ రికార్డుల్లో గొంతు, గిటార్ తర్వాత స్టూడియోలో మళ్ళీ పాడి, వాయించి అతికించినవే. ఇక్కడ కర్ట్ 1994 ఏప్రిల్‌లోనే పోయాడు. ఉన్నది ఉన్నట్టు ఇవ్వాలి, లేదా పక్కన పెట్టాలి. 'టీన్ స్పిరిట్'కి ముందు బోస్టన్ బృందం పాట 'మోర్ దాన్ ఎ ఫీలింగ్'ని వెక్కిరింతగా అందుకోవడం, ఆ తర్వాత అసలు పాటని ఏమీ పట్టనట్టు వాయించడం అలాగే ఉంచారు. అంత పేరు తెచ్చిన పాటని ఆ రోజు అంత నిర్లక్ష్యంగా లాగించేసి, అదే రాత్రి 'డ్రెయిన్ యూ', 'ఎన్యూరిజమ్' మాత్రం ప్రాణం పెట్టి వాయించారు. స్టూడియోలో తుడిచి ఉంటే ఈ తేడా పోయేది.

పోయినవీ ఉన్నాయి. ఆ రాత్రి మొత్తం 25 పాటలు, సీడీలో 24. 'లవ్ బజ్' లేదు. సీడీ గరిష్ఠంగా 80 నిమిషాలు పడుతుంది, కచేరీ అంతకంటే పెద్దది. ఒక్క డిస్కులో పట్టించాలంటే ఏదో ఒకటి తీయాలి. పాటల మధ్య మాటలు కూడా చాలా కత్తిరించారు, చక్రాల కుర్చీ నాటకం డీవీడీలో చూడాల్సిందే. రెండో సీడీ వేస్తే ఏం పోయేదో మరి. పాత క్యాసెట్లో ఆ మాటలన్నీ ఉండేవి, హిస్ వెనక నుంచి చెవి రిక్కించి వినాల్సి వచ్చినా సరే. మంచి ధ్వని వచ్చిన చోట కబుర్లు పోయాయి. నా మటుకు కబుర్లూ కచేరీలో భాగమే.

ఉదాహరణకి 'ఆల్ అపాలజీస్'. అప్పటికి అది విడుదల కాని పాట. దాన్ని పన్నెండు రోజుల వయసున్న తన కూతురికీ భార్యకీ అంకితమిచ్చి, ఇదంతా రికార్డవుతోంది కాబట్టి కోర్ట్‌నీకి 'మేం నిన్ను ప్రేమిస్తున్నాం' అని అందరూ అరవండని జనాన్ని అడిగాడు కర్ట్. ఆగస్టు 18న పుట్టింది పాప. పత్రికలు ఆమె తల్లిని ఏమంటున్నాయో ఆ జనానికి తెలుసు. వాళ్ళు అరిచారు. ఆ తర్వాత పాట వింటే వేరే పాటలా ఉంటుంది.

'ఆల్ అపాలజీస్', 'డంబ్', 'టురెట్స్' మూడూ 1993 సెప్టెంబరులో 'ఇన్ యుటెరో'లో వచ్చాయి. స్టూడియోలో మొదటి రెంటికీ చెల్లో అనే పెద్ద తీగవాద్యం తోడుంది. రెడింగ్‌లో ముగ్గురే. 'డంబ్'లో చెల్లో లేని ఖాళీని నొవొసెలిచ్ బాస్ ఎలా నింపుతుందో వినాలంటే ఫోన్ స్పీకర్ పనికిరాదు. బాస్ కింది స్వరం 41 హెర్ట్జ్ దాకా దిగుతుంది, ఫోన్లో అది ఉండనే ఉండదు. 'కమ్ యాజ్ యూ ఆర్'లో గిటార్ నీటి అలలా ఊగడానికి కారణం ఎలక్ట్రో-హార్మోనిక్స్ వారి 'స్మాల్ క్లోన్' అనే కోరస్ పెడల్. అసలు స్వరానికి కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యంతో దాని కాపీని కలిపి, ఆ ఆలస్యాన్ని పైకీ కిందకీ ఊపుతుంది. క్యాసెట్ మోటారు కూడా సన్నగా ఊగుతుంది కదా, పాత కాపీల్లో ఏ ఊపు పెడల్‌దో, ఏ ఊపు బెల్టుదో చెప్పలేకపోయేవాళ్ళం. 2009లో తేలింది.

ఎల్పీ కొనేవాళ్ళకి ఒక మాట. 78 నిమిషాల సంగీతం నాలుగు వైపులకి పంచితే ఒక్కో వైపు 20 నిమిషాల లోపే. 33⅓ వేగంలో 22 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై బాస్ తగ్గించాల్సి వస్తుంది, కాబట్టి ఈ పంపకం సరైనదే. సూది మాత్రం ప్రతి వైపు చివరి పాట దగ్గర కాస్త తడబడుతుంది. లోపలి గాడుల్లో అదే సమయానికి తక్కువ దూరం ఉంటుంది కదా, సింబల్స్ గరుకుగా వస్తాయి.

రెడింగ్ తర్వాత ఆర్కైవ్ తలుపులు బాగానే తెరుచుకున్నాయి. 1991 అక్టోబరు 31న సియాటిల్ పారామౌంట్ థియేటర్‌లో 16 ఎం.ఎం. ఫిల్ము మీద తీసిన కచేరీ 2011లో వచ్చింది. బొమ్మ నాణ్యత చూస్తే అదే పైచేయి. వాయింపు బిగువుగా, పద్ధతిగా ఉంటుంది, కానీ రెడింగ్‌లో ఉన్న తెగింపు నాకు అందులో కనబడలేదు. 2021లో 'నెవర్‌మైండ్' ముప్ఫై ఏళ్ళ సంచికలో ఆమ్‌స్టర్‌డామ్, డెల్ మార్, మెల్‌బోర్న్, టోక్యో కచేరీలు నాలుగూ వచ్చాయి. 2023లో 'ఇన్ యుటెరో' సంచిక కోసం 1993 లాస్ ఏంజిలిస్, 1994 సియాటిల్ కచేరీలని స్టీరియో సౌండ్‌బోర్డు టేపుల నుంచి జాక్ ఎండీనో పునర్నిర్మించాడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 'బ్లీచ్' రికార్డు చేసింది ఆయనే. రెండు ట్రాకులుగా కలిసిపోయిన శబ్దాన్ని తిరిగి సరిదిద్దడం, ప్రతి మైకూ విడి ట్రాకుగా ఉన్న (మల్టీట్రాక్) టేపుని మిక్స్ చేయడం కంటే చాలా కష్టం. రెండూ పక్కపక్కన పెట్టి వింటే మల్టీట్రాక్ విలువేమిటో తెలుస్తుంది.

ఇంట్లో ఇంకా ఆ పాత క్యాసెట్ ఉంటే పారేయకండి. అధికారిక ఆల్బమ్‌లో కత్తిరించిన మాటలు మీ టేపులో ఉండొచ్చు. డిజిటల్‌కి ఎక్కించే ముందు టేపుని ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకి పూర్తిగా చుట్టండి, ఏళ్ళ తరబడి అతుక్కున్న పొరలు విడివడతాయి. లోపల హెడ్‌కి ఆనించే చిన్న స్పంజి మెత్త ఊడిపోయి ఉంటే శబ్దం వచ్చీపోతూ ఉంటుంది. స్క్రూలున్న వేరే క్యాసెట్ డొల్లలోకి టేపు మార్చాలి. హెడ్‌నీ, టేపుని నడిపే లోహపు కడ్డీ కాప్‌స్టాన్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవాలి. రబ్బరు రోలర్‌కి మాత్రం తడిబట్ట చాలు, ఆల్కహాల్ తరచూ తగిలితే రబ్బరు బిరుసెక్కుతుంది.

తర్వాత అజిమత్. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. టేపు ఆడుతుండగా శబ్దాన్ని మోనోలో పెట్టి, సింబల్స్ అన్నిటికంటే స్పష్టంగా వినిపించేచోటు దొరికేదాకా దాన్ని కొద్దికొద్దిగా తిప్పాలి. పావు వంతుకంటే ఎక్కువ తిప్పాల్సిన అవసరం రాదు. మొదట ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. డాల్బీ ఆపి, 24 బిట్లలో, అన్నిటికంటే పెద్ద శబ్దం కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా రికార్డు చేయండి. హిస్ తీసేసే సాఫ్ట్‌వేర్ ఆ మొదటి ఫైలు మీద వాడొద్దు, సింబల్స్ కూడా హిస్సేననుకుని తినేస్తుంది.

వేగం సరిచూడటానికి మంచి చిట్కా ఉంది. బ్రిటన్ కరెంటు 50 హెర్ట్జ్. వేదిక మీద కరెంటు హమ్ మైకుల్లోకీ, తీగల్లోకీ ఎంతోకొంత చేరి ఉంటుంది. పాటల మధ్య నిశ్శబ్దాన్ని ఆడియో సాఫ్ట్‌వేర్‌లో, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే స్పెక్ట్రమ్‌లో చూస్తే 50, 100, 150 దగ్గర సన్నటి గీతలు కనబడాలి. 51 దగ్గర ఉంటే టేపు 2 శాతం వేగంగా నడుస్తోంది, అంతే తగ్గించాలి. కాకపోతే మనకీ కరెంటు 50 హెర్ట్జే! మీ డెక్, మీ ఇంటి వైరింగ్ హమ్ కూడా అక్కడే పడుతుంది. టేపు తిప్పకుండా ఒక నిమిషం రికార్డు చేసి చూసుకుంటే ఏ గీత మీది, ఏ గీత రెడింగ్‌ది తేలిపోతుంది.

ఇక 'లవ్ బజ్'. డీవీడీ ఉంటే ఆ పాట శబ్దాన్ని విడిగా తీసి సీడీ పాటల మధ్య పెట్టుకోవచ్చు. వరుసలో దాని చోటు 'స్పాంక్ థ్రూ' తర్వాత, 'ది మనీ విల్ రోల్ రైట్ ఇన్' ముందు. డీవీడీ శబ్దం 48 కిలోహెర్ట్జ్, సీడీది 44.1, మార్చుకోవాలి. రెంటిలో శబ్దం మట్టం కూడా ఒకటే ఉండదు, పక్క పాట స్నేర్‌తో పోల్చి సరిచేయండి. రెండు చివర్లా జనం చప్పుడు మీద రెండు సెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుంటే మరొకటి పెరగడం) వేస్తే అతుకు తెలియదు.